తాళం వేసిన బీరువాలో వాచీ

స్విట్జర్లాండ్‌లో సొంతంగా వాచీలు చేసే పనివాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, పన్నెండు రోజులకు సైనిక్‌పురిలోని ఇంటికి చేరాడు విజయేందర్. రాత్రి ఒంటిగంట. సూట్‌కేసు కూడా విప్పకుండా బీరువా తాళం తీశాడు. లోపల వాచీ టిక్ టిక్‌మంటోంది.

రోజూ కీ ఇవ్వాల్సిన వాచీ అది. ఇవ్వకపోతే రెండు రోజులకు ఆగిపోతుంది.

"నువ్వేమన్న ముట్టినవా?" అని భార్య స్వర్ణలతను అడిగాడు.

"తాళంచెవి మీ జేబులనే ఉండె. నేనెట్ల ముడ్త?"

ఆ వాచీని స్విట్జర్లాండ్‌లోని ఒక కొండ ఊళ్ళో ముసలాయన ఒక్కడే కూర్చుని రెండేళ్ళు చేశాడు. "నువ్వు కీ ఇవ్వని రోజు నేనిస్తాను" అని అమ్మేటప్పుడు నవ్వాడు. వాచీని ముట్టిన ప్రతిసారీ వెనక మూత లోపల సూదితో తేదీ గీయడం ఆయన అలవాటు. ఈసారి వెళ్తే ఇంటికి తాళం ఉంది. చలికాలంలోనే చనిపోయాడని పక్కింటివాళ్ళు చెప్పారు.

విజయేందర్ మూత తీసి భూతద్దం పెట్టాడు. అమ్మిన రోజు తేదీ కింద కొత్తగా పన్నెండు తేదీలున్నాయి. చివరిది ఇవాళ్టిది. ఆ గీతల్లో లోహపు పొడి ఇంకా మెరుస్తోంది.

అతని ఛాతీ ఉప్పొంగింది. "చూసినవా? సచ్చిపోయి సుత మాట తప్పలే. ఇసొంటి వాచీ ఇంకెవ్వని తాన ఉంది?"

"ముందుగాల గా బీరువకు తాళం వెయ్యుండ్రి." స్వర్ణలత గుమ్మం దాకా వెనక్కి జరిగింది.

"ఛ! నా కోసం అంత దూరంకెళ్ళి వచ్చిండు. మనిషి లోపలుండంగ తాళమెట్ల వేస్త?"