అడ్డకొయ్య మీద అరగంట

వైదేహి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

వెనక తలుపు గాలికి దడదడలాడింది. చేతిలోని కాయ జారిపోయింది.

ఓడ ప్రయాణం నుంచి కెనడాలోని కిచెనర్‌కు తిరిగొచ్చి మూడు వారాలైంది. ఇప్పటికీ గాలి చప్పుడు వింటే ఆమె ఒళ్లు చల్లబడుతోంది. మేడమీద గదిలో కూతురు అమృత ఉందని తెలిసినా, వెళ్లి తలుపు సందులోంచి చూసి వచ్చింది.

అప్పుడే బెల్ మోగింది.

గుమ్మంలో కొమరయ్య. ఓడలో గిన్నెలు కడిగిన మనిషి.

అప్పటికంటే చిక్కిపోయాడు. జాకెట్ జిప్పు మెడదాకా లాక్కుని నిలబడ్డాడు.

ఎందుకొచ్చాడో వైదేహికి అర్థమైంది. ఓడ దిగేటప్పుడు అభిప్రాయం రాయమని ఇచ్చిన కాగితంలో అతని మీద ఆమె ఫిర్యాదు రాసింది. దాంతో పని పోయి ఉంటుంది. నిలదీయడానికి వచ్చాడు. భర్త జయదేవ్ బజారుకు వెళ్లాడు. ఇంట్లో తనూ, పిల్లా.

పన్నెండో తరగతి పూర్తయ్యాక అమృత అడిగింది ఆ ప్రయాణం ఒక్కటే. గ్రీసు దీవుల మధ్య తెరచాపల ఓడలో వారం రోజులు. ప్రయాణికులే తాళ్లు లాగాలి, చుక్కాని పట్టాలి. జయదేవ్‌కు సెలవు దొరకక తల్లీకూతుళ్లే వెళ్లారు.

మొదటి రోజే వైదేహికి వాంతులు పట్టుకున్నాయి. నిమ్మరసం కోసం వంటగదికి ఎప్పుడు వెళ్లినా అక్కడ ఇతనే, మోచేతుల దాకా సబ్బు నురగతో. తెలుగువాడని తెలిసి పేరడిగింది. ఆ తర్వాత కొమరయ్యా, వేడినీళ్లు. కొమరయ్యా, ఈ కప్పు కూడా అంటూ పనులు చెప్పేది. అతను ఒక్కసారీ కాదనలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం తెరచాప చుట్టడానికి అమృత మరో ఇద్దరితో కలిసి పైకెక్కింది.

ఉన్నట్టుండి సముద్రం నల్లబడింది. ఓడ ఒక పక్కకు ఒరిగింది. ఆ ఇద్దరూ గబగబా దిగేశారు.

అమృత దిగలేదు.

నాలుగంతస్తుల ఎత్తులో, స్తంభానికి అడ్డంగా తెరచాప కట్టే అడ్డకొయ్యను రెండు చేతులా కావలించుకుని ఉండిపోయింది. ఓడ ఒరిగినప్పుడల్లా పిల్ల కింద ఓడ ఉండడం లేదు, నీళ్లుంటున్నాయి. కెప్టెన్ కేకలు గాలికి కొట్టుకుపోతున్నాయి. ఉన్న నలుగురు సిబ్బందీ తెరచాపల తాళ్లు వదల్లేక వాటికే వేలాడుతున్నారు.

వైదేహి వెనక్కి తిరిగింది. వంటగది గుమ్మంలో కొమరయ్య తడి చేతులతో నిలబడి ఉన్నాడు.

"చూస్తావేంటి? ఎక్కు. నీ పని అదే కదా."

అతను ఒకసారి తలెత్తి పైకి చూశాడు. ఏప్రన్ విప్పాడు. నడుముకు బెల్టు బిగించుకుని తాళ్ల నిచ్చెన అందుకున్నాడు.

సిబ్బందిలో ఒక అమ్మాయి "నో, సర్" అని అరిచింది. అతను ఆగలేదు.

కానీ మెట్టు మెట్టుకూ నిలబడిపోతున్నాడు. త్వరగా వెళ్లమని వైదేహి కింద నుంచి గొంతు పోయేలా అరుస్తూనే ఉంది.

పైకి చేరి పిల్ల పక్కన ఆనుకున్నాడు. వాన మొదలైంది. ఏం చెబుతున్నాడో వినిపించలేదు. అరగంట గడిచింది. ఆ తర్వాత అమృత ఒక పాదం కదిపింది. అతను ఆమెకు కిందుగా దిగుతూ, ఒక్కో పాదాన్నీ చేత్తో పట్టుకుని ఒక్కో మెట్టు మీద పెట్టాడు.

కిందికి రాగానే అతను గోడకు చేరగిలబడ్డాడు. ముఖం బూడిద రంగులో ఉంది. వైదేహి కూతుర్ని వాటేసుకుని, ఇంత ఆలస్యమా అంది.

వంటగది మనిషి ఆపదలో చురుగ్గా లేడు. కాగితంలో ఆమె రాసింది అదే.

ఇప్పుడు అతను నోరు విప్పకముందే తను మొదలుపెట్టింది. భయంలో ఏదో రాశానంది. మావారితో చెప్పి ఇక్కడే ఏదైనా వేర్‌హౌస్‌లో పని చూపిస్తానంది. జయదేవ్ పాత స్వెటర్లు సంచిలో పెట్టి తెచ్చి చేతికిచ్చింది.

కొమరయ్య సంచి వైపు, ఆమె వైపు చూశాడు.

"పాపను చూసి పోదామని వచ్చినమ్మా. టొరంటో పక్క ఎటోబికో నుంచి ఎంత దూరం గనక. నిద్ర పడతలేదని మెసేజ్ పెట్టింది."

మాటలు విని అమృత మెట్లు దిగి వచ్చింది. సోఫా అంచున కూర్చుంది. కళ్లు మూసుకుంటే చాలు, మళ్లీ ఆ కొయ్య మీదే ఉన్నట్టుంటుందని మెల్లగా చెప్పింది.

"నాకూ గట్లనే ఉంది బిడ్డా. నిన్న రాత్రి మంచం పట్టెను గట్టిగ పట్టుకొని పండుకున్న."

అమృత నవ్వింది. మూడు వారాల్లో అది మొదటి నవ్వు.

వైదేహికి వింతగా అనిపించింది. "రోజూ ఎక్కే మనిషికి భయమేంటి?"

"మామ్, హి ఈజ్ నాట్ స్టాఫ్." అమృత తల్లి వైపు తిరిగింది. "అక్కడ గిన్నెలు కూడా ప్యాసింజర్లే కడగాలి, టర్న్ ప్రకారం. చాలామంది టర్న్‌లు అంకులే చేశారు, మనది కూడా. నువ్వు సిక్ కదా."

కొమరయ్య స్వెటర్ల సంచిని బల్ల మీద పెట్టి లేచాడు.

ఆమె తలుపు దాకా వెంట వెళ్లింది.

"మరి నేను ఎక్కమంటే మీరెందుకు ఎక్కారండీ?"

గుండెకు రెండుసార్లు ఆపరేషన్ అయిందని, కొయ్య ఎక్కవద్దని డాక్టర్లు చెప్పారని మొదటి రోజే కెప్టెన్‌కు సంతకం పెట్టి ఇచ్చిన ఆ తోటి ప్రయాణికుడు, వంగి నెమ్మదిగా బూట్లు తొడుక్కుని, గుమ్మం దాటి వెళ్లిపోయాడు.