మేనర్స్ క్లాసు

"తల దించకే. కళ్ళలోకి చూడు. నవ్వు." మొక్కల నర్సరీ యజమానురాలు సూర్యకళ వినీల గడ్డం పట్టుకుని పైకెత్తింది. "ఇప్పుడు చెప్పు. నీ పేరేంటి? ఏం చదువుతున్నావు?"

తొమ్మిదేళ్ళ వినీల చూపు మళ్ళీ కాళ్ళ మీదికి దిగింది. పక్కన గులాబీ అంట్లు కడుతున్న తల్లి తబిత చేతులు ఆగిపోయాయి.

"మనుషుల్లో మసలడం నేర్పుదామంటే రాయిలా నిలబడుద్దేంటి తబితా నీ కూతురు? సాయంత్రం లేబరాఫీసరు గారు తనిఖీకొస్తారు. ఇది నోరు జారిందంటే రేపట్నుంచి నీకు పనీ లేదు, షెడ్డూ లేదు."

"ఆయ్, చెబుద్దండి. కొత్తోళ్ళంటే భయమండి దానికి."

వారం నుంచి పొద్దున్నే ఇదే వరస. మట్టీ ఎరువూ కలిపి నల్ల సంచుల్లో కూరే ఆరుగురు పిల్లల్ని నిలబెట్టి సూర్యకళ మేనర్స్ నేర్పుతోంది. బడి పేరు బట్టీ పట్టించింది. ఆ బడి ఎటువైపుందో పిల్లలకి తెలియదు. పిల్ల సంచులు నింపితేనే తల్లికి షెడ్డులో చోటు.

అయిదింటికి జీపు వచ్చింది. ఉతికిన బట్టల్లో, కొత్త పుస్తకాలతో పిల్లలు వరసగా నిలబడ్డారు. ఆఫీసరు సరిగ్గా వినీల ముందే ఆగాడు.

"గుడ్ ఈవినింగ్ సార్. నా పేరు వినీల అండి. నాలుగో తరగతి అండి. బడి వదిలాక అమ్మ కోసం వచ్చానండి."

గడగడా చెప్పేసి, కళ్ళలోకి చూసి, నవ్వి, నేర్పినట్టే చెయ్యి చాపింది.

ఆఫీసరు ఆ చెయ్యి అందుకున్నాడు. వదల్లేదు. తిప్పి చూశాడు. అరచేతినిండా కాయలు. పురుగుమందుకి పగిలిన చర్మం. ఎంత తోమినా పోని గోళ్ళకింద మట్టి. బొటనవేలితో ఒక కాయని నొక్కాడు. పిల్ల నవ్వు చెదరనివ్వలేదు. చెదరకూడదనే కదా నేర్పింది.

సూర్యకళ మొహం పాలిపోయింది. తబిత ఆఫీసరు మొహంలోకే చూసింది. పని పోతుంది, షెడ్డు పోతుంది. పోతే పోనీ. చూడు బాబూ, సరిగ్గా చూడు. నా పిల్లని బళ్ళో వెయ్యి.

"ఈ షేక్ హ్యాండ్ ఎవరు నేర్పారు?"

"నేనేనండి," అంది సూర్యకళ, వినపడీ వినపడకుండా.

ఆఫీసరు పిల్ల చెయ్యి వదిలేసి, జేబురుమాలుతో తన చెయ్యి తుడుచుకున్నాడు.

"వచ్చే నెల మా పైవాళ్ళొస్తారు. ఈలోగా నమస్కారం నేర్పండమ్మా. చేతులు జోడిస్తే అరచేతులు కనపడవు."