ఎండ మచ్చ

"కదలకు బిడ్డా. చెవి పక్కన ఇంకా మిగిలింది."

యాదవ్వ డబ్బీ అడుగున ఉన్న తెల్ల మలాంను బొటనవేలితో గీకి కూతురు నర్మద ఎడమ చెంపకు పూసింది. జర్మనీతో యుద్ధం మొదలైనప్పటి నుంచి ఆబిడ్స్‌లోని మందుల దుకాణాలకు విలాయతి సరుకు సరిగా రావడం లేదు. ఎండ నుంచి చర్మాన్ని కాపాడే ఈ జింకు మలాం కోసం ఆమె దుకాణం దుకాణం తిరిగింది.

చెంప మీది పాలిపోయిన మచ్చ మలాం కింద కనబడకుండా పోయింది.

"డాక్టరు దగ్గరికి పోతూ పూసుకుంటే ఏం లాభమే అమ్మా? తుడిచి చూస్తడు గద."

"దవాఖాన దాంక ఎండ ఊకుంటదా? గొడుగు లేకుండ తిరిగితేనే గద గిట్లయింది."

ఎండ వల్లే అయిందని అమ్మ ఎంత గట్టిగా అంటే నర్మదకు అంత భయం వేస్తోంది. నాంపల్లిలో ఆడపిల్లల బడిలో ఉద్యోగం దొరికినట్టే దొరికింది. కానీ ఆ మచ్చ చూసి పెద్ద పంతులమ్మ కుర్చీ వెనక్కి జరుపుకుంది. అది కుష్టు కాదని డాక్టరు రాసిస్తేనే చేర్చుకుంటానంది. అవునని తేలితే ఇక ఉద్యోగం మాట ఎవరెత్తుతారు? వాళ్ల గల్లీలో ఉండే బీరయ్యను డిచ్‌పల్లి కుష్టు దవాఖానకు పంపించిన రోజున ఇంటి యజమాని రోగం అంటుతుందని గుమ్మం నిండా సున్నం చల్లించాడు. ఆ తర్వాత నల్లా దగ్గర బీరయ్య భార్యకు ఎవరూ చోటివ్వలేదు.

మలాం పూస్తున్న వేలిని నర్మద పట్టుకుంది. "ఇదేంది, ఇంత బొబ్బ? ఎప్పుడు కాలింది?"

"పెనం తగిలిందేమో. చూసుకోలే."

యాదవ్వ స్టేషను ఎదుటి హోటల్లో జొన్నరొట్టెలు చేస్తుంది. అట్లకాడ ముట్టదు. మండే పెనం మీద రొట్టెను వేళ్లతోనే నొక్కి, వేళ్లతోనే తిప్పుతుంది. రొట్టెలు చేసే ఆడవాళ్లందరూ చేసేది అదే గానీ, ఆమెలా తాపీగా తిప్పేవాళ్లు లేరు. తినడానికి వచ్చినవాళ్లు వంటగది వాకిట్లో నిలబడి మరీ చూస్తారు. ఆ చేతుల మీదే నర్మద చదువు సాగింది.

గల్లీ చివర టాంగా ఆపుకొని ఉన్న సాయన్న నర్మద ముఖం చూసి నవ్వాడు.

"ఏందక్కా, బిడ్డకు గోడకేసినట్టు సున్నమేసినవ్? పెండ్లిచూపులా?"

సున్నం అన్న మాటకు నర్మద ఉలిక్కిపడింది.

"నీ గుర్రానికి గూడ పూస్త తియ్ తమ్మీ. జర తొందరగ తోలు," అంది యాదవ్వ.

టాంగా గౌలిగూడ నుంచి నాంపల్లి దవాఖానకు చేరింది.

డాక్టరు వామన్‌రావు దూదితో మలాం తుడిచాడు. మచ్చను వెలుతురుకు తిప్పి చాలాసేపు చూశాడు. ముఖంలో ఏ భావమూ లేదు.

"కండ్లు మూసుకోమ్మా. నేను తాకినప్పుడల్లా చెప్పాలె."

నర్మద కళ్లు మూసుకుంది. ఏమీ తాకడం లేదు. తాకుతున్నాడా, తనకే తెలియడం లేదా?

"తాకుతున్నరా సార్?"

"ఇంకా లేదు."

కాసేపటికి చెంప మీద దూదిపోగు కదిలింది. "ఔ సార్." తర్వాత సూదిమొన. "అబ్బా!" ఆ తర్వాత వేన్నీళ్లు పోసిన గాజుగొట్టం.

"కాలుతున్నది సార్!"

"కాలాలె. కాలకపోతేనే ఫికర్." డాక్టరు మొదటిసారి నవ్వాడు. "కుష్టు ఉన్న చోట వేడి తెల్వది, సూది తెల్వది. చర్మం సచ్చిపోయినట్టుంటది. నీది ఎండకు కమిలి పొర లేచిన మచ్చ. మలాం మానకు, గొడుగు మరవకు. బడిలో చేరు, పో."

డాక్టరు సంతకం చేస్తుంటే యాదవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. "నేను చెప్పలే బిడ్డా? ఎండే అని చెప్పలే?"

బయటికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం అయింది. నీడ దొరక్క టాంగా అంతసేపూ ఎండలోనే నిలబడింది. ఎక్కబోతూ పక్కనున్న ఇనుప కడ్డీ పట్టుకున్న నర్మద కెవ్వుమని చేయి లాక్కుంది. అరచేయి ఎర్రగా కందిపోయింది.

"కడ్డీ ముట్టకు బిడ్డా, పెనం లెక్క కాలుతున్నది!" అని సాయన్న సీటు మీద తడి గోనె పరిచాడు.

యాదవ్వ ఎక్కి కూతురి పక్కన కూర్చుంది. ఒక చేత్తో గొడుగు విప్పి కూతురి ముఖానికి నీడ పట్టింది. టాంగా కుదుపుతో కదిలింది.

"రేపటి నుంచి చేతులకు గూడ పూస్త. ఈ ఎండ పాడుగాను," అంది.

చాలా రోజుల తర్వాత నర్మద నవ్వింది. నవ్వుతూనే అమ్మ రెండో చేతి వైపు చూసింది.

యాదవ్వ ఆ ఇనుప కడ్డీని గట్టిగా పట్టుకొని కూర్చుంది.