ఎర్ర కారుకు తగిలిన కన్ను

కారుకు ఆ ఉదయం కూడా ఎక్కిళ్ళు వచ్చాయి.

గేరు మార్చగానే గుటక పడనట్టు ఒక్క క్షణం ఆగింది. తర్వాత ఒక్క దూకు దూకి, సౌకార్‌పేట సందులో ముందుకు పోయింది.

అరుగు మీద నిలబడ్డ కోదండరాంకు ఎండలో కుండనీళ్ళు తాగినంత హాయిగా అనిపించింది.

కారు అతని పెద్దమ్మ కొడుకు జనార్దనానిది. దొరల సీమ నుంచి ఓడలో దిగిన ఎర్ర రేసు కారు. ఇద్దరే కూర్చోవచ్చు, పైన కప్పు ఉండదు. అన్నదమ్ములిద్దరూ ఒకే బళ్ళో చదివారు, ఒకే వీధిలో కొట్లు పెట్టారు. కోదండరాం మాత్రం ఇంకా సైకిలే తొక్కుతున్నాడు.

కారు వచ్చిన రోజే జనార్దనం పిలిచాడు. "ఎక్కన్నా, బీచికి పోయొద్దాం."

"కడుపులో మంటగా ఉందిరా."

అబద్ధమేమీ కాదు.

మౌంట్ రోడ్డు మెకానిక్కులు విప్పి చూశారు. వాళ్ళ దగ్గర కారు బుద్ధిగా నడిచింది. ఇంటికి రాగానే మళ్ళీ అదే తడబాటు. అదీ రోజూ కాదు.

"రోగం బండిది కాదు, కంటిది" అని తేల్చింది పెద్దమ్మ రాజలక్ష్మి.

గుమ్మడికాయతో దిష్టి తీసి వాకిట్లో పగలగొట్టింది. టైరు కింద నిమ్మకాయ పెట్టి తొక్కించింది. అయినా తగ్గలేదు.

"బయటోళ్ళ కన్నయితే ఈపాటికి పోయుండాల. ఇది మనోళ్ళదే. ఎవురిదో తెలిసిందంటే ఈ గడప తొక్కనీను."

కోదండరాం ఆ గడప వైపు చూశాడు. తల్లి పోయాక తనకు అన్నం పెట్టిన గడప అది.

ఎదురు గోడ దగ్గర కొన్నాళ్ళుగా ఒక ముసలాయన నిలబడుతున్నాడు. తెల్ల పంచె, భుజాన తుండు. కారు స్టార్టు కాగానే ముఖం అటు తిప్పేవాడు. రెప్ప వాల్చేవాడు కాదు. కారు మలుపు తిరిగాక పెదవులు కదిపి, చేతులు జోడించి వెళ్ళేవాడు.

కోదండరాం ఆ చూపును ఎప్పుడో గుర్తుపట్టాడు. తనలాంటివాడు ఇంకొకడున్నాడని ఊరట పడ్డాడు కూడా.

ఇప్పుడు ఆ మనిషినే వేలెత్తి చూపించాడు.

"పెద్దమ్మా, ఆడ చూడు. రెప్పన్నా కొడతాడేమో చూడు. మంత్రం గూడా గొణుగుతాడు."

రాజలక్ష్మి చేతిలో చీపురుతోనే వీధి దాటింది.

"ఏమయ్యా, మా బండి మీద ఏంది నీ కన్ను? ఒకరు బాగుంటే ఓర్వలేవా?"

ముసలాయన ఉలిక్కిపడ్డాడు. "తల్లీ, నేను..."

"నోరు మూయి! ఇంకోసారి ఈ సందులో అగుపడొద్దు" అన్నాడు కోదండరాం, పెద్దమ్మ కంటే గట్టిగా.

ఆయన గోడ పట్టుకుని మెల్లగా వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎదురు గోడ దగ్గర ఎవరూ లేరు.

"నువ్వు గనక కనిపెట్టినావు నాయనా" అంటూ పెద్దమ్మ తానే కాఫీ తెచ్చి ఇచ్చింది.

జనార్దనం కారు తీశాడు. గేరు మార్చాడు.

కారు గుటక పడక ఆగింది. దూకింది.

కోదండరాంకు కాఫీ గొంతుకు అడ్డం పడింది.

అప్పుడే పూలబుట్టతో పొన్నుతాయి వచ్చింది. రోజూ వాకిట పూలు ఇచ్చి పోయే మనిషి. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏమే, ఇంత పొద్దెక్కి వచ్చినావు?" అంది రాజలక్ష్మి.

"నాయనను ఊరికి రైలెక్కించి వస్తున్నానమ్మా. మా అన్న లారీ కింద పడి పోయినాక నేనే ఈడికి తెచ్చుకున్నా. ఎవురేమన్నారో చెప్పడు, ఇంక ఈడ ఉండనంటాడు."

"ఏ నాయనే?"

"మీ ఎదురు గోడ కాడ నిలబడతాడే, ఆయనే. చిన్నయ్య బండి మలుపు దాటిన చప్పుడు విని, బిడ్డ చల్లగా తిరిగి రావాలని దండం పెట్టుకుంటే గానీ గంజి ముట్టడు."

రాజలక్ష్మి పూలు అందుకోలేదు. ఆమె చూపు మెల్లగా కోదండరాం మీదికి తిరిగింది.

అతను కాఫీ గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు.

పొన్నుతాయి తల వంచుకుని పూలు మూర వేస్తోంది.

"రైలు కదిలేటప్పుడు గూడా ఆ కారు రంగేందమ్మా అని అడిగినాడు, పసితనంలోనే జ్వరమొచ్చి చూపు పోయిన మనిషికి ఎరుపంటే ఎట్లుంటాదని చెప్పేదమ్మా?"