ఆఖరి బజ్జీ, మొదటి ప్రోగ్రాం

“ప్రైమరీ నాదే! నాది లేవకుండా నీది యాడ నడుస్తాది?” జయరామ్ బల్ల మీద గట్టిగా చరిచాడు.

“ప్యాకెట్లు అందుకునేది నా ప్రోగ్రాం బావా. ముందు నాదే లేవాల,” అన్నాడు బావమరిది మారుతి.

హిందూపురంలో ఒక మిద్దెగది వాళ్ల కంపెనీ. అందులో మూడో ఇంజనీరు రేఖ, ఒకరికి భార్య, ఇంకొకరికి అక్క. నెట్‌లో వచ్చే డేటా ప్యాకెట్లను మెరుపు వేగంతో పట్టే ఒక సాఫ్ట్‌వేర్ లైబ్రరీ మీద ముగ్గురూ తలా ఒక ప్రోగ్రాం రాశారు. మూడూ ఒకే మెమరీ పంచుకుని కలిసి నడవాలి. ఆ లైబ్రరీది మహా పట్టుదల. ఒకే ఒక్క ప్రోగ్రాం ప్రైమరీగా ముందు లేవాలి, తక్కినవి సెకండరీలుగా దాన్ని ఆనుకోవాలి. రెండు ప్రైమరీలంటే ఒప్పుకోదు. ప్రైమరీ అసలు లేకపోతే ఒక్కటీ కదలదు.

వాటి పనితీరు చూడ్డానికి ఎర్రమంచి నుంచి ఫ్యాక్టరీ ఆఫీసరు బయల్దేరాడు. ఆయన్ని మెప్పిస్తే ఆర్డరు వస్తుంది, లేకుంటే కంపెనీ మూసుకోవడమే.

“అరిచింది చాలు, ముందు తినండప్పా,” అంటూ రేఖ మరమరాల ఉగ్గాని, బజ్జీల పొట్లం విప్పింది.

కోపం ఉన్నా ఆకలి ఆగదు కదా! ఇద్దరూ కూర్చున్నారు. చివరికి ఒక్క బజ్జీ మిగిలింది.

“నువ్వు తిను బావా.”

“నాకొద్దబ్బా, నువ్వే తిను.”

ప్లేటు అటూ ఇటూ జరిగిందే కానీ ఎవరూ ముట్టలేదు. చూసి చూసి రేఖ దాన్ని నోట్లో వేసుకుని, తన కంప్యూటర్ ముందుకు వెళ్లిపోయింది.

చెయ్యి కడుక్కుంటుంటే జయరామ్ మనసు మెత్తబడింది. చిన్నవాడు, ఎంత కష్టపడ్డాడో పాపం! గుట్టుచప్పుడు కాకుండా తన ప్రోగ్రాంను సెకండరీగా మార్చేశాడు.

ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు. “ఊఁ, చూపించండి.”

“ముందు నీది లేపబ్బా,” అన్నాడు జయరామ్ ఉదారంగా.

మారుతి గబుక్కున బావ చెవి దగ్గరికి వంగాడు. “అదేంది బావా, నీదే ప్రైమరీ గదా!” అని గుసగుసలాడాడు. “నాది సెకండరీ చేసేసినా!”

“నాదీ అంతే గదరా!”

ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. ఇక దేవుడిదే భారమని ఇద్దరూ మీటలు నొక్కారు.

తెర మీద ప్యాకెట్లు వరద కట్టాయి.

“భలే ఉండాదే!” అన్నాడు ఆఫీసరు.

బావాబావమరుదులు నోళ్లు తెరుచుకుని రేఖ వైపు తిరిగారు.

“మీ ఇద్దరినీ నమ్ముకుంటే ఆ బజ్జీ మాదిరి ప్రోగ్రాం కూడా చల్లారిపోతాదని,” మూతి తుడుచుకుంటూ అంది రేఖ, “బజ్జీ తినంగానే ప్రైమరీ కూడా నేనే తీసుకున్నా.”