మొదటి పేరు

కొత్త సర్వర్‌కు పసుపు బొట్టు పెట్టి, సోని కుర్చీ జరిపింది.

"రా తాతా. నెట్ కలిపి మూడ్రోజులైనా నీకోసమే ఆగినాను. కొత్తది ఏటొచ్చినా పెద్దోళ్లే ముందు ముట్టాల కదా. నీ పేరు కొట్టు."

బయటి కంపెనీలను నమ్మలేక ఊరి పోడు భూముల పట్టాలన్నీ ఈ సొంత సర్వర్‌లోకి ఎక్కించింది ఆమే. మొదట పేరు నమోదు చేసుకున్నవాళ్లకే దీనిమీద పెత్తనం.

ఊరిపెద్ద భీముడు వేలు చాపాడు. కొత్త పేరు అడగాల్సిన తెర, పాస్‌వర్డ్ అడిగింది.

సోని తెర మీదికి వంగింది. "మనకన్నా ముందే ఎవులో పేరు రాసీసినారు, తాతా."

"ఎవులొత్తారే గుంటా? మూడ్రోజులూ గది తాళంచెవి నా మొలతాడుకే ఉంది."

గోడ కన్నంలోంచి మండల కేంద్రం హుకుంపేట వైపు కొండ దిగిపోతున్న నెట్ కేబుల్ వంక చూసింది సోని. సర్వర్ మీద పచ్చదీపం ఆగకుండా మిణుకుమంటోంది.