గేరు దీపం

“కారుది పాత జబ్బని తేలిందంటే తాళాలు ఇక్కడే మీ చేతిలో పెట్టేస్తాను బావగారూ. ఆ తర్వాత మీ గడప తొక్కేది లేదు. నేనే కాదు, మీ చెల్లెలు కూడా.”

తన అన్నను రోజూ ‘బావా’ అని పిలిచే భర్త ‘బావగారూ’ అన్నాడంటే ఎంత మండిపోతున్నాడో ఆమెకు తెలుసు. చంకలో ఎనిమిది నెలల పాపను వేసుకుని, మెకానిక్ షెడ్డు గోడకు ఆనుకుని నిలబడింది. పాప వీపు తడుతూనే ఉంది. పాప ఏడవడం లేదు, అయినా తడుతోంది.

“నాలుగేళ్ళు నడిపాను బావా,” అన్నాడు ఆమె అన్న. “ఒక్కనాడు ఆ దీపం వెలగలేదు. పసిపిల్ల ఎక్కే బండి. జబ్బుదని తెలిసి చెల్లెలికి అంటగడతానా?”

“మరి మా ఇంటికొచ్చిన రెండు నెలలకే ఎందుకు వెలిగింది? దిష్టి తగిలిందా?”

“మీరిద్దరూ కొట్టుకునేదుంటే బయట కొట్టుకోండి,” అన్నాడు మెకానిక్. “నాకు ఇంజను చప్పుడు వినబడాలి.”

స్టీరింగ్ వెనక, గేరు చక్రం బొమ్మ మీద పసుపు దీపం వెలుగుతూనే ఉంది. అది క్లచ్ లేని కారు. గేర్లు దానంతటదే మార్చుకుంటుంది. లోపల ఏం జరుగుతోందో బయటివాళ్ళకు తెలియదు.

మెకానిక్ బానెట్ ఎత్తి, గేరు ఆయిలు కొలిచే పుల్ల పైకి లాగాడు. వాసన చూశాడు. ఒక చుక్కను రెండు వేళ్ళ మధ్య రుద్దాడు.

“మాడు వాసన లేదు.”

అన్న ఊపిరి వదిలాడు.

“అమ్మే ముందు కొత్త ఆయిలు పోయించి ఉండొచ్చుగా?” అన్నాడు భర్త.

అన్న మొహం నల్లబడింది. చెల్లెలి వైపు తిరిగాడు. “నువ్వైనా నమ్ముతున్నావా నన్ను?”

“నమ్ముతున్నాను అన్నయ్యా,” అంది.

“నువ్వు మధ్యలో మాట్లాడకు,” అన్నాడు భర్త.

పక్కనే టైర్ల దొంతర మీద మామగారు కూర్చుని ఉన్నారు. ముప్పై ఏళ్ళు లారీ నడిపిన మనిషి. బండి గురించి మాటొస్తే ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. అలాంటిది, ఇంటి దగ్గర బయలుదేరినప్పటి నుంచీ నోరు విప్పలేదు.

మెకానిక్ స్టీరింగ్ కింద, బండి తప్పులు చదివే స్కానర్ తీగ గుచ్చాడు. చిన్న తెర మీద అంకెలు ఒక్కొక్కటే పైకి పాకుతున్నాయి.

“అమ్మినప్పుడు మీటరు ఎంతుంది?”

“అరవై రెండు వేల నాలుగొందలు,” టక్కున చెప్పాడు అన్న. “కాగితం మీద ఇద్దరం సంతకాలు కూడా పెట్టాం.”

“దీంట్లో మొదటి తప్పు పడింది అరవై రెండు వేల తొమ్మిదొందల దగ్గర. అంతకుముందు ఏమీ లేదు. చెరిపేసిన ఆనవాలూ లేదు.” మెకానిక్ తల పైకెత్తి భర్త వైపు చూశాడు. “మీ ఇంటికొచ్చాకే, సార్.”

“ఏం తప్పది?” అన్నాడు భర్త.

“బండి ముందుకు దొర్లుతుండగానే రివర్సు వేశారు. ఒకసారంటే పొరపాటు అనుకోవచ్చు. పదకొండు సార్లు! గేరు పెట్టె మొత్తుకుంటోంది, అదే ఆ దీపం. ఇంకా పాడవలేదు, బతికిపోయారు. ఇంట్లో ఎవరెవరు నడుపుతారు?”

“నేనూ, నాన్నా. నేనైనా ఆదివారమే. మిగతా రోజులు కంపెనీ బస్సు.”

“మరి అమ్మగారు?” అంటూ మెకానిక్ ఆమె వైపు చూశాడు.

అంత వేడిలోనూ భర్తకు నవ్వొచ్చింది. “ఆవిడా? సైకిలెక్కితేనే గోడను వెతుక్కుంటూ పోయి మరీ గుద్దుతుంది.”

పాప వీపు మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. “ఏమండీ, అదీ...”

“నేనేరా,” అన్నారు మామగారు.

అందరూ అటు తిరిగారు.

“మీరా నాన్నా?”

మెకానిక్ స్కానర్ పక్కన పెట్టాడు. “పెద్దాయనా, లారీకి ఇలా చేస్తే గేరు పళ్ళు రాలిపోతాయి. ముప్పై ఏళ్ళు నడిపిన మీరు...”

“లారీ వేరు, ఇది వేరు,” కసిరారు మామగారు. చెవులు ఎర్రబడ్డాయి. “మధ్యాహ్నాలు కూరలకని తీస్తున్నాను. ముసలి చెయ్యి, కంగారుపడింది. ఏం, నేను తప్పు చెయ్యకూడదని ఎక్కడైనా రాసుందా?”

మెకానిక్ స్కానర్ మీట నొక్కి దీపం ఆర్పేశాడు.

“ఇకనుంచి ఒక్కరే బండి తియ్యకండి నాన్నా,” అన్నాడు కొడుకు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు. మామగారు బుద్ధిగా తలూపారు. అప్పుడు భర్త ఆమె అన్న వైపు తిరిగాడు. “బావా...” అన్నాడు.

“తాళాలు ఇస్తానన్నావుగా, ఇటు తే మరి,” అన్నాడు అన్న చెయ్యి చాపి. ఇద్దరూ నవ్వేశారు. ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని షెడ్డు బయటికి నడిచారు.

ఆమె అక్కడే ఉండిపోయింది. కళ్ళనిండా నీళ్ళు.

మామగారు టైర్ల మీంచి లేచి, పంచె దులుపుకుంటూ ఆమె పక్కకు వచ్చారు. బయటికి చూస్తూనే, పెదవులు కదిలీ కదలనట్టు అన్నారు.

“రేపు మధ్యాహ్నం పాపను మీ అత్తయ్య దగ్గర పడుకోబెట్టి, ఒక్కదానివే పోకుండా నన్ను లేపు, పక్కన కూర్చుంటాను. బండి పూర్తిగా ఆగాకే రివర్సు వెయ్యాలి తల్లీ.”